బాపు సాంచా, బ్యాక్టీరియా తోక

మా అమ్మ నన్ను అనుమానపు పక్షి అనేది. పాలవాడు క్యాను దించితే వేలు ముంచి చూసేదాన్ని. ధామన్కర్ నాకా కూడలిలో రిక్షావాడు కిరాయి చెప్పేలోపే వాడి మొహం చదవడానికి చూసేదాన్ని. చుట్టాలెవరైనా మిఠాయి డబ్బాతో వస్తే, డబ్బా విప్పకముందే వాళ్లకు మాతో ఏం పని పడిందా అని ఆలోచించేదాన్ని. ఇందులో సగం తప్పు నాదైతే సగం ఊరిది. ముంబై దగ్గరి ఈ భివండికి నేత పనికి వలస వచ్చిన మావాళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాల కార్ఖానాల్లో షిఫ్టు దిగిన ప్రతి మనిషీ గేటు దగ్గర టిఫిన్ డబ్బా మూత తీసి చూపించాలి, లోపల నూలు కండెలు దాచాడేమోనని. మా బాపు కూడా రోజూ అలాగే చూపించేవాడు. అలవాటైపోయి, ఇంటికొచ్చాక అమ్మ ముందు కూడా ఖాళీ డబ్బాను మూత తీసే పెట్టేవాడు.

బాపు గైబీ నగర్‌లోని ఒక కార్ఖానాలో జాబరు. నేసే పని కాదు, ఆగిపోయిన సాంచాను మళ్లీ నడిపించే పని. దగ్గరికి వెళ్లి చెవి పెట్టి విని, ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. కార్ఖానా సేటు మా కరీంనగర్ వైపు మనిషే. బాపు కన్నా పదేళ్లు ముందొచ్చి, మొదట సాంచా మీద నిలబడి నేసి, తర్వాత సాంచాలు కొన్నాడు. దొంగతనం ఎన్ని రకాలుగా చేయవచ్చో ఆయనకు అందుకే బాగా తెలుసని మా అమ్మ అనేది. ఆ మాట నేను వెంటనే నమ్మాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, బాపు నెలకు ఒకటి రెండు సార్లు గోనెసంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేవాడు. సంచి బరువుకు ఒక పక్కకు ఒరిగి నడిచేవాడు. నేరుగా మా ఖోలీ ఇంటి వెనక ఉన్న రేకుల పాకలోకి వెళ్లి, సంచి దించి, దాని మీద పాత దుప్పటి కప్పి వచ్చేవాడు.

"ఏంది బాపు గది?" అంటే, "ఇనుము బిడ్డా" అనేవాడు.

ఇనుమని నాకూ కనబడుతూనే ఉంది. ఎక్కడి ఇనుమో చెప్పేవాడు కాదు. గట్టిగా అడిగితే, "భంగార్ బజార్ల దొరికింది" అనేవాడు. భంగార్ బజారంటే పాత ఇనుము అమ్మేచోటు. అక్కడ ఎవరూ ఎవరికీ చీటీ రాసివ్వరు, దేనికీ పుట్టుపూర్వోత్తరాలు ఉండవు. నాలాంటి దానికి ఆ జవాబు ఎలా సరిపోతుంది? మూడు నాలుగేళ్లలో దుప్పటి కింద గుట్ట పెరిగింది. తర్వాత అది గుట్టలా కాక నాలుగు కాళ్ల మీద నిలబడటం మొదలుపెట్టింది. బాపు సొంత సాంచా బిగిస్తున్నాడని అప్పుడు అర్థమైంది. "ఒక్కటి నాది అనేది ఉంటే సాలు, ఇగ ఎవ్వనికి మూత తీసి సూపెట్టుడు ఉండది" అని అమ్మతో ఒకసారి అన్నాడు. నేను పక్క గదిలో ఉన్నానని ఆయనకు తెలియదు.

అప్పుడు నేను కళ్యాణ్‌లో బీఎస్సీ చదువుతున్నాను, సూక్ష్మజీవుల శాస్త్రం. రోజూ ఎర్ర బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. రెండో ఏడు ప్రాక్టికల్సులో ఒకరోజు, గడ్డి నానబెట్టిన నీటి చుక్కను సన్నటి అద్దానికి వేలాడదీసి మైక్రోస్కోపు కింద పెట్టించారు. చుక్కలో బ్యాక్టీరియా ఈదుతోంది. ఈదడం అంటే మామూలుగా కాదు. సూటిగా దూసుకుపోవడం, ఉన్నట్టుండి ఆగి తడబడటం, మరో దిక్కుకు తిరిగి మళ్లీ దూసుకుపోవడం. నా చుట్టూ అందరూ అబ్బురపడుతుంటే నాకు అనుమానం వచ్చింది. నీళ్లే కదులుతూ వీటిని మోసుకుపోతున్నాయేమో.

మా మేడం ఒక పొట్టి మరాఠీ ఆవిడ. నా అనుమానం విని సంతోషించింది. "నీళ్లు మోస్తే అన్నీ ఒకే వైపు పోతాయి. ఇవి ఒక్కోటి ఒక్కో వైపు పోతున్నాయా లేదా, నువ్వే చూడు" అంది. మళ్లీ కన్ను పెట్టి చాలాసేపు చూశాను. ఒక్కోటి ఒక్కో వైపే పోతున్నాయి.

తర్వాత క్లాసులో వాటి తోక బొమ్మ వేసింది. అసలు నా రోగం అక్కడ ముదిరింది. తోక మొదట్లో, కణం పొరలో, ఒకదాని మీద ఒకటి చక్రాలు. మధ్యలో ఇరుసు. ఇరుసు చివర కొక్కెం. కొక్కేనికి పొడుగాటి దారం లాంటి తోక. చక్రాల చుట్టూ, తాము కదలకుండా చక్రాన్ని తిప్పే ముక్కలు. బయటి నుంచి లోపలికి విద్యుదావేశం ఉన్న సూక్ష్మమైన కణాలు పారుతుంటే ఆ పారుదలకు చక్రం తిరుగుతుందట, సెకనుకు వందల చుట్లు. కావాలంటే వెనక్కి కూడా తిరుగుతుందట. ఇది జీవుల పుస్తకంలోని బొమ్మ కాదు, ధామన్కర్ నాకాలో మోటార్లు రివైండింగ్ చేసే షాపు గోడ మీది బొమ్మ అనుకున్నాను. బొమ్మ వేసినవాడు యంత్రాల మోజున్న మనిషై ఉంటాడని నోటుబుక్కులో అంచున రాసుకున్నాను.

సరిగ్గా ఆ వారమే క్లాసులో ఒక జిరాక్సు కాగితం చేతులు మారింది. రాసినవాళ్ల పేరు లేదు. అందులోని సంగతి సూటిగా ఉంది. ఈ తోక మోటారులో ఎన్నో ముక్కలున్నాయి, ఒక్క ముక్క తీసేసినా మోటారు తిరగదు. సగం మోటారుతో ఏ జీవికీ లాభం లేదు. కాబట్టి ఇది కొంచెం కొంచెంగా ఏర్పడటం అసాధ్యం, ఎవరో ఒకేసారి, పూర్తిగా, అనుకునే చేశారు. చదివి ఒప్పుకున్నాను. జాబరు కూతుర్ని కదా, బొటనవేలంత పిన్ను ఊడిపోతే అంత పెద్ద సాంచా చతికిలబడటం ఎన్నోసార్లు చూశాను.

కాగితం మేడంకు చూపించాను. ఆవిడ ముందు కాగితాన్ని వెనక్కి తిప్పి చూసింది. "పేరు పెట్టుకోలేదేం?" అంది. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. తర్వాత చెప్పింది. "ఇది అడిగిన ప్రశ్న మంచిదే. కానీ మొత్తం మోటారును ఒక్కసారిగా చూసి నోరు తెరిస్తే ఏమీ తెలియదు. ఒక్కో ముక్క దగ్గరికి వెళ్లి, ఇక్కడికి రాకముందు నువ్వేం పని చేసేదానివి అని అడగాలి."

మనుషులకు జబ్బు చేసే కొన్ని క్రిములకు సూది లాంటి అమరిక ఉంటుందట. అది తిరగదు. మన కణాల్లోకి విషం ఎక్కించడానికి పనికొస్తుంది. ఆ సూది మొదలూ ఈ మోటారు మొదలూ విప్పి చూస్తే చాలా ముక్కలకు అన్నదమ్ముల పోలికలున్నాయట. చక్రాన్ని తిప్పే ముక్కలను పోలిన ముక్కలు ఇంకోచోట, తోకలతో సంబంధమే లేని పనిలో ఉన్నాయట. అంటే సగం మోటారు ఈదలేకపోవచ్చు, కానీ ఇంకో పని చేయగలదు. ముక్కలు వేరువేరు ఇళ్ల నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టాయని మేడం నవ్వింది.

"సూది ముందా, తోక ముందా?" అని అడిగాను.

"దాని మీద ఇంకా తగవులాడుతున్నారు. రెండింటికీ ఒకే ముత్తాత ఉండొచ్చు. నాకు అన్నీ తెలియవు" అంది. తెలియదని చెప్పిన టీచరును అంతకుముందు నేను చూడలేదు. సగం నమ్మాను. మిగతా సగం అనుమానాన్ని బస్సులో ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం బాపు చాయ్ తాగుతుంటే నోటుబుక్కులో బొమ్మ చూపించాను. ఆయన అందరిలా అబ్బురపడలేదు, పనివాడిలా చూశాడు. "దీనికి నూనె ఎవడేస్తడు?" అని అడిగాడు. నీళ్లలోనే ఉంటుంది, అక్కర్లేదన్నాను. వెనక్కి కూడా తిరుగుతుందంటే మాత్రం కనుబొమ్మలెత్తాడు. తర్వాత జిరాక్సు కాగితంలో ఉన్నది తెలుగులో చెప్పాను. ఒక్క ముక్క తీసినా ఆగిపోతుంది కనుక ఒకేసారి చేసి ఉండాలని.

"గా కాయితం రాసినోడు ఎన్నడు సాంచా బిగించలే" అన్నాడు బాపు.

"ఎందుకట్లంటవ్?"

"అటిటు ఉరికే నాడెల నూలు ఒడిసిపోతే సాంచాను ఆపే ముల్లు ఉంటది సూడు. నేను పని నేర్సుకునేటప్పుడు కొన్ని పాత సాంచాలకు గా ముల్లే లేకుండె. మనిషే కన్నేసి కూసునేటోడు. ఒక్కొక్కడు రెండే నడిపేటోడు. ముల్లు వచ్చినంక ఒక్కడే నాలుగు, ఆరు నడపవట్టిండు. ఇప్పుడు గా ముల్లు తీసెయ్యి, ఏమైతది?"

"గుడ్డ ఖరాబైతది. ఆపాలె."

"మరి గిప్పుడు అది లేకుంటె నడవది. అప్పుడు నడిసింది. మొదాలు సాయం లెక్క వస్తది బిడ్డా, తర్వాత దాని మీద ఒరిగి బతుకుతం, ఇగ అది లేకుంటె కాదంటం."

మేడం చెప్పినదానికన్నా ఇది నాకు బాగా ఎక్కింది. మర్నాడు చెబితే ఆవిడ ఆ ముల్లు సంగతి తన పుస్తకంలో రాసుకుంది. కానీ ఆ సాయంత్రమే, బాపు అంత తేలిగ్గా చెబుతుంటే, నాలోని పక్షి తల తిప్పి పాక వైపు చూసింది. ఆ దుప్పటి కింది ముక్కలు ఏ ఇళ్ల నుంచి వచ్చాయి?

దసరాకు నెల ముందు నా అనుమానానికి తిండి దొరికింది. సేటుకు కాల్హేర్‌లో ఒక గోదాము ఉండేది. పక్కన పెట్టేసిన పాత సాంచాలు నాలుగు అందులో తాటిపత్రి పట్టా కింద ఉండేవి. గోదాం తాళం సేటు బామ్మర్ది దగ్గర ఉండేది. కార్ఖానాలో ఏదైనా పుర్జా, అంటే విడి భాగం, అవసరమైతే ఆ పాతవాటి నుంచి విప్పుకు రమ్మని సేటు బాపునే పంపేవాడు. ఒకరోజు సేటు వెళ్లి చూస్తే తాటిపత్రి కింద మూడే ఉన్నాయి. సాంచా అంటే జేబులో పెట్టుకుపోయేది కాదు. కానీ విప్పితే సంచుల్లో పడుతుంది. విప్పడం తెలిసిన మనిషి కావాలి. కార్ఖానా అంతా ఈ లెక్కే వేసిందని బాపు చెప్పలేదు, పక్క ఖోలీ ఆవిడ అమ్మకు చెబితే నాకు తెలిసింది.

బాపు ఇంటికి వచ్చి ఏమీ జరగనట్టు అన్నం తిన్నాడు. ఆయన ఆ ఊసే ఎత్తకపోవడం నాకు నచ్చలేదు. మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాకలోకి వెళ్లి దుప్పటి ఎత్తాను. దుమ్మూ గ్రీజూ కలిసి మందంగా పేరుకున్న ఇనుము. ఏది ఏ రంగో తెలియలేదు. రెండు మూడు చోట్ల సుత్తితో కొట్టిన అంకెలున్నాయి. అవి సేటు అంకెలో మరెవరివో నాకు తెలియదు. చేతులు కడుక్కుని వచ్చి అమ్మను అడిగాను, బాపు ఇదంతా నిజంగా బజారులోనే తెస్తున్నాడా అని.

అమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండా, "మీ బాపు మీదనా?" అంది. అంతే అంది. చాట ఎత్తుకుని లోపలికి పోయింది.

దసరాకు వారం ముందు బాపు సాంచా బిగించడం పూర్తయింది. ఒక చేత్తో తిప్పి చూశాడు, నాడె అటూ ఇటూ ఎగిరింది. ఆయన మొహం చూసి నాకు సంతోషమే వేసింది, అది దాచను. పండుగకు సాంచాలు కడిగి రంగు వేయడం భివండిలో అన్ని కార్ఖానాల్లోనూ ఉంది. ఒక్కో సేటుది ఒక్కో రంగు. మా సేటుది పచ్చ. ఏటా అదే పచ్చ, ముందటి ఏడు పచ్చ మీదనే. ఆ ఏడు కార్ఖానాకు వేయగా డబ్బా అడుగున రంగు మిగిలితే, సేటే తీసుకుపొమ్మన్నాడట. బాపు మా సాంచాను కిరసనాయిలుతో తుడిచి, పాత రంగులు గీకే ఓపిక లేక, పైనుంచి కింది దాకా ఆ పచ్చ రంగే వేసేశాడు. కళ్యాణ్ నుంచి వచ్చేసరికి పాకలో నిగనిగలాడుతూ, ఒకేరోజు ఒకే చోట పుట్టినట్టు ఉంది. అచ్చం సేటు కార్ఖానాలోంచి నడిచి వచ్చినట్టే ఉంది.

"బాపు, గీ రంగే ఎందుకేసినవ్?"

"మంచిగ లేదా?" అన్నాడు. ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. లేదా అర్థం కానట్టు నటించాడని నేను అనుకున్నాను.

అది చాలదన్నట్టు, దసరా రోజు మొదటి కొబ్బరికాయ కొట్టడానికి సేటునే పిలిచాడు. పెద్దమనిషి చేత్తో కొట్టిస్తే మంచిదని మావాళ్ల నమ్మకం. దొంగ అయితే సేటును ఇంటికి పిలుస్తాడా అని ఒకసారి, పిలిచి అనుమానం పోగొట్టుకోవాలని చూస్తున్నాడేమో అని ఒకసారి, రెండు రకాలుగా ఆలోచించాను. నా బుర్ర అలాంటిది.

పండుగ పొద్దున అమ్మ సాంచాకు పసుపు కుంకుమ పెట్టి బంతిపూల దండ వేసింది. బాపు పానాలు, సుత్తి, నా పుస్తకాలు, వంటింటి కత్తి, అన్నీ సాంచా ముందు పీట మీద పెట్టింది. పూజలో పెట్టినవి ఆ రోజంతా ముట్టకూడదు, వాటికి సెలవు. సేటు పదకొండు గంటలకు తెల్ల బట్టల్లో వచ్చాడు. బాపు ఎదురు వెళ్లి జమ్మి ఆకు చేతికి ఇవ్వబోయాడు. దసరా నాడు జమ్మి ఇస్తే తీసుకుని గుండెలకు హత్తుకోవాలి, పగవాళ్లయినా సరే. సేటు చూపు అప్పటికే బాపు భుజం మీదుగా సాంచా మీద పడింది. జమ్మి తీసుకోలేదు. అమ్మ అందించిన కొబ్బరికాయను కింద పెట్టేశాడు.

"ఏందిది?" అన్నాడు.

"మనదే సేటు. నేనే కూడగట్టిన. ఒక్కొక్క పుర్జా తెచ్చి."

"ఒక్క పుర్జా లేకున్నా సాంచా నడవది. గసుంటిదాన్ని ముక్క ముక్క తెచ్చి చేసిన అంటె నేను నమ్ముతనా? నిలవడ్డ సాంచానే లేపుకొచ్చినవ్. కాల్హేర్ల నాది ఒకటి తక్కువుంది." సేటు గొంతు పెంచలేదు. "రేపు పొద్దున టెంపో పంపుత, ఎక్కియ్యి. ఇగ నువ్వు కార్ఖానాకు రాకు. మిగిలిన సేట్లకు నేను చెప్పేది చెప్త."

ఆ చివరి మాటతో అమ్మ గోడకు ఆనుకుంది. దొంగ అనే పేరు పడిన జాబరుకు భివండిలో ఏ గేటూ తెరుచుకోదు. మేము తిరిగి వెళ్లడానికి ఊళ్లో జానెడు భూమి కూడా లేదు. బాపు జమ్మి ఆకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "లేదు సేటు" అని రెండుసార్లు అన్నాడు.

నాకు ఆ క్షణంలో వినబడింది వేరే. సేటు మాట అచ్చంగా ఆ పేరు లేని జిరాక్సు కాగితం మాట. ఒక్క ముక్క లేకపోయినా నడవదు, కాబట్టి ముక్కముక్కగా వచ్చి ఉండదు. అయితే మేడం చెప్పిన ప్రశ్న ఉంది కదా, ఒక్కో ముక్క దగ్గరికి వెళ్లి అడగమని. నేను సేటు ముందుకు వెళ్లాను.

"పెద్దబాపూ, గోదాంల మీ సాంచాలు ఏటేటా పచ్చ రంగు ఏసినవేనా?"

"మరి?"

"గిది మీదే అయితె, గీ పైరంగు గీకితె కింద మల్ల మీ పచ్చనే ఉండాలె. అంతట. ఒక్కో పుర్జా ఒక్కో కాడిదైతె ఒక్కో రంగు ఎల్లాలె. గీకి సూద్దాం."

సేటు తల ఊపాడు. పీట మీది కత్తి తీయబోయి, పండుగ గుర్తొచ్చి, కొంగుకు ముడేసి ఉన్న ఇంటి తాళంచెవి అమ్మ దగ్గర తీసుకున్నాను.

అప్పుడు బాపు అన్నాడు. "వద్దు బిడ్డా."

నా చేయి ఆగింది. ఎందుకు వద్దు? బొట్టు పెట్టిన సాంచాను పండుగ పూట గీకడం అరిష్టమనా? లేక కింద ఏముందో ఆయనకు తెలుసు కనుకనా? నేను బాపు కళ్లలోకి చూశాను. ఆయన చూపు దించుకున్నాడు. అయితే నిజమే అనుకున్నాను. ఇంత స్పష్టంగా అనుకున్నాను, ఆ మాటలు ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి. అనుకునే, తాళంచెవి ఆనించి గీకాను.

కొత్త రంగు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, పొరగా లేచింది. పక్క ఫ్రేము కింద బూడిద రంగు వచ్చింది. బొంబాయి మిల్లుల పాత ఇనుముకు ఉండే రంగు. సేటు ఇంకా గీకమన్నాడు. బూడిద కింద తుప్పు, అంతే. ఇరుసు దగ్గర గీకితే ఎరుపు. నాడె పెట్టె దగ్గర నీలం, నీలం కింద మళ్లీ ఎరుపు. అవతలి ఫ్రేము మీద పసుపు. రెండు ఫ్రేములే ఒక తల్లి పిల్లలు కావు. వెనక అడ్డ కడ్డీకి పనికిరాని రెండు రంధ్రాలు రంగుతో మూసుకుపోయి ఉన్నాయి. మునుపు ఇంకెక్కడో ఇంకేదో మోసిన గుర్తు. నేను గీకుతూనే ఉన్నాను. సేటు తనే కిందికి వంగి వేలితో రుద్ది చూస్తున్నాడు.

వెనక వైపు నూలు చుట్టిన బీము మరీ వదులుగా తిరగకుండా, తాడుకు ఒక బరువు వేలాడుతూ ఉంటుంది. మాదానికి ఒక పళ్ల చక్రం కట్టి ఉంది. దాన్ని గీకాను. పచ్చ కింద పచ్చ వచ్చింది. దాని కింద ఇంకో పచ్చ.

"గది మీదే సేటు," అన్నాడు బాపు. ఆయన గొంతు ఇప్పుడు తేటగా ఉంది. "మూడు పండ్లు ఇరిగినయి సూడుండ్రి. మూడేండ్ల కింద పదో నెంబర్ సాంచాల ఇరిగింది, మీరే పారెయ్యి అన్నరు. చక్రం లెక్క నడవది, బరువుకు పనికొస్తదని తెచ్చుకున్న. మిమ్మల్ని అడగలే. గదొక్కటి అడగకుండ తెచ్చిన. అందుకే వద్దన్న."

సేటు విరిగిన పళ్ల మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు. తప్పయిందని అనలేదు. "పండుగ పూట మనసుల పెట్టుకోకు" అన్నాడు. కొబ్బరికాయ అడిగి తీసుకుని కొట్టాడు. బాపు చేతిలో నలిగిపోయిన జమ్మి తీసుకుని హత్తుకున్నాడు. గడప దాటేముందు వెనక్కి తిరిగి, "గా చక్రం మాత్రం వాపస్ పంపియ్యి" అన్నాడు.

ఆయన పోయాక అమ్మ నవ్విందో ఏడ్చిందో చెప్పలేను, రెండూ కలిసిపోయాయి. కాల్హేర్ సాంచా ఎటు పోయిందో తర్వాత కూడా తేలలేదు. నా అనుమానం తాళం ఎవరి దగ్గర ఉండేదో వాళ్ల మీదే.

మర్నాడు బాపు చక్రం విప్పి గుడ్డలో చుట్టి పంపించాడు. బీముకు బరువు కావాలి. అమ్మ మిక్సీ కొన్నప్పటి నుంచి మూలన పడి ఉన్న రుబ్బురోలు పొత్రాన్ని దొర్లించుకుంటూ తెచ్చింది. పొత్రం నడుముకు తాడు బిగిస్తుంటే, రెండో కొస పట్టుకోమని బాపు నన్ను పిలిచాడు. ముడి వేస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"గీకకముందే నీకెర్కనా బిడ్డా? నేను తియ్యలేదని?"

సాంచాకు చెవి ఆనించి ఏ బోల్టు వదులైందో చెప్పే మనిషి అడుగుతున్నాడు. "ఎర్కనే బాపు," అన్నాను.

"గంతే కదా," అన్నాడు. ముడి గట్టిగా లాగి, లేచి, స్విచ్చి వేశాడు. పొత్రం వేలాడుతుండగా సాంచా మొదటి గుడ్డ నేసింది.

బాపు ఇంకా ఉన్నాడు. ఆ సాంచా కూడా ఉంది. ఏటా దసరాకు రంగు వేస్తాడు కానీ, నేను గీకినచోట్ల మాత్రం వేయడు. బూడిద, ఎరుపు, నీలం, పసుపు గీతలు అలాగే వదిలేస్తాడు. ఇంటికి ఎవరొచ్చినా పాకలోకి తీసుకెళ్లి ఆ గీతలు చూపిస్తాడు. "అందరు దొంగ అన్నరు. నా బిడ్డ ఒక్కతే నమ్మి తాళంచెవి పట్టింది" అంటాడు. చెబుతున్నంతసేపూ నా వైపు చూస్తాడు. ఇన్నేళ్లుగా ఆ మాట నేను దిద్దలేదు.